మా తాతయ్య గుండెకు కొలతలు తీశారు: టావికి ముందు సీటీ స్కాన్ ఎందుకు?

నా చేతిలో ఒక సీడీ ఉంది, కనిపిస్తోందా? మీలో చాలామంది సీడీని చూసి ఎన్నేళ్ళయిందో! మా ఇంట్లో దీన్ని పెట్టడానికి డ్రైవ్ కూడా లేదు. పక్కింటి అన్నయ్య దగ్గర పాత లాప్‌టాప్ అడిగి తెచ్చుకున్నా. ఇందులో మా తాతయ్య గుండె ఫొటోలు ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, రెండు వేల పైచిలుకు.

ఈ ఎపిసోడ్ చేయాలా వద్దా అని నెల రోజులు ఆలోచించా. ఎందుకంటే ఇందులో తప్పు చేసింది నేనే. మా ఇంట్లో ఇంజనీరింగ్ చదివింది నేనొక్కణ్ణే కాబట్టి, ఏ రిపోర్ట్ వచ్చినా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "నువ్వొకసారి చూడరా" అంటారు. నేనూ పెద్ద తెలిసినట్టు చూస్తా. ఆ చూడటం వల్ల ఏం జరిగిందో చెప్తా, దాంతో పాటు అసలు విషయం కూడా అర్థమవుతుంది.

మా తాతయ్యకు 79 ఏళ్ళు. అమ్మ వాళ్ళ నాన్న. తెనాలిలో నలభై ఏళ్ళు లేత్ మిషన్ షాపు నడిపాడు. రైస్ మిల్లు షాఫ్ట్‌లు, మోటార్ల బుష్‌లు, అదే ఆయన ప్రపంచం. షాపు అమ్మేసి చాలా కాలమైంది గానీ వెర్నియర్ కాలిపర్ మాత్రం ఇప్పటికీ మంచం పక్కన డ్రాయర్లోనే ఉంటుంది. పోయిన వేసవిలో మేడ మెట్లు ఎక్కుతుంటే ఆయాసం మొదలైంది. ఎండలు, వయసు అనుకున్నాం. తర్వాత మెట్ల మధ్యలో ఆగి, కిటికీ పట్టుకుని నిలబడటం మొదలుపెట్టాడు. డాక్టర్‌కి చూపిస్తే స్టెతస్కోప్ పెట్టగానే "లోపల శబ్దం తేడాగా ఉంది, ఎకో చేయించండి" అన్నారు. ఎకోలో వచ్చింది: సివియర్ అయోర్టిక్ స్టెనోసిస్.

ఇదేంటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. గుండెలో ఎడమ జఠరిక మంచి రక్తాన్ని బృహద్ధమనిలోకి, అంటే అయోర్టాలోకి తోస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్న తలుపే అయోర్టిక్ వాల్వ్. మామూలుగా మూడు రెక్కలుంటాయి. పల్చగా, మెత్తగా ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ కొందరిలో ఈ రెక్కల మీద కాల్షియం పేరుకుంటుంది. బోరు నీళ్ళు వాడే ఇంట్లో గీజర్ లోపల తెల్లగా గట్టిపడిపోతుంది చూశారా, చూడటానికి అలాంటిదే. రెక్కలు రాయిలా అయిపోయి సరిగా తెరుచుకోవు. ఆ సన్నని సందులోంచి రక్తం తోయడానికి గుండె చచ్చేంత కష్టపడుతుంది. ఆ సందు ఒక చదరపు సెంటీమీటరుకు తగ్గితే సివియర్ అంటారు. మా తాతయ్యది 0.7.

దీనికి మందులేదు. ఈ మాట గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే మేమూ మొదట "టాబ్లెట్లతో తగ్గదా?" అనే అడిగాం. ఆయాసం తగ్గించే మందులు ఉన్నాయి గానీ రాయిలా అయిన వాల్వ్‌ని మళ్ళీ మెత్తగా చేసేది ఏదీ లేదు. వాల్వ్ మార్చాల్సిందే. మార్చడానికి రెండు దారులు. ఒకటి ఛాతీ తెరిచి చేసే సర్జరీ. రెండోది టావి. కొన్నిచోట్ల టావర్ అని కూడా అంటారు, రెండూ ఒకటే. గజ్జల దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి, మడిచి పెట్టిన కొత్త వాల్వ్‌ని పాత వాల్వ్ లోపలే తెరిచేస్తారు. పాతదాన్ని తీయరు. కొత్తది దాన్ని పక్కకు నొక్కేసి కూర్చుంటుంది.

తాతయ్య వయసు, కిడ్నీల పరిస్థితి చూసి విజయవాడలో కార్డియాలజిస్ట్ టావి అన్నారు. అని, వెంటనే "ముందు సీటీ చేయాలి, అది చూశాకే ఏదైనా చెప్పగలను" అన్నారు.

ఇక్కడే నేను రంగంలోకి దిగా. క్రియాటినిన్ 1.6 ఉంది. సీటీకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు కిడ్నీల మీద భారం వేస్తుందని నెట్‌లో చదివా. గ్రూపులో మెసేజ్ పెట్టా, ఇప్పటికీ ఫోన్లో ఉంది: "ఎకో అయింది, యాంజియో అయింది, మళ్ళీ సీటీ ఎందుకు? ఉన్న రిపోర్టులతో చేయలేరా? ప్యాకేజీ పెంచడానికే ఇవన్నీ. కొంచెం ఆగుదాం." మామయ్య థంబ్స్ అప్ పెట్టాడు. పిన్ని "అవును రా, కరెక్ట్‌గా చెప్పావ్" అంది. నాకు ఎంత హ్యాపీగా అనిపించిందో. ఇంకో డాక్టర్‌ని అడగడం తప్పు కాదు. కానీ నేను ఇంకో డాక్టర్‌ని కూడా అడగలేదు. ఊరికే ఆగాం. మూడు వారాలు.

మూడో వారం చివర్లో తాతయ్య బాత్రూంలో కళ్ళు తిరిగి పడిపోయాడు. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. తలకి లోపల దెబ్బేం తగల్లేదు, అది అదృష్టం. ఈ జబ్బులో కళ్ళు తిరిగి పడిపోవడం అంటే టైం అయిపోతోందని అర్థం. 2010లో పార్టనర్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. సర్జరీకి తట్టుకోలేరు అన్న పేషెంట్లనే అందులో తీసుకున్నారు. మామూలు వైద్యం మీదే ఉన్నవాళ్ళలో ఏడాది తిరిగేసరికి 50.7 శాతం మంది చనిపోయారు. టావి చేసినవాళ్ళలో 30.7 శాతం. ఆ 50.7 అనే నంబర్ నేను ఆసుపత్రి క్యాంటీన్లో కూర్చుని చదివా. అప్పటి నుంచి సీటీ గురించి నిజంగా తెలుసుకోవడం మొదలుపెట్టా.

నాకు అర్థమైన మొదటి విషయం చాలా సింపుల్. ఛాతీ తెరిచి చేసే సర్జరీలో సర్జన్‌కి వాల్వ్ కళ్ళెదురుగా ఉంటుంది. పాతదాన్ని కోసి తీసేస్తారు, ఆ రంధ్రంలో కొలత గోళీల్లాంటి సైజర్లు పెట్టి చూస్తారు, సరిపోయింది కుట్టేస్తారు. టావిలో ఇవేవీ లేవు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, తెరిచి చూసేది లేదు, కుట్టేది లేదు. ఎక్స్‌రే తెర మీద నీడలే కనిపిస్తాయి. వాల్వ్ సైజు తప్పు అని తెరిచాక తెలిస్తే "సారీ, ఇంకోటి ఇవ్వండి" అని వెనక్కి తీసుకోవడం చాలా వాటిలో కుదరదు. అంటే సర్జన్ కళ్ళతో, చేతులతో చేసే కొలత మొత్తం ముందే, కంప్యూటర్ మీద అయిపోవాలి. నేను ఎక్స్‌ట్రా టెస్ట్ అనుకున్నది నిజానికి ఆపరేషన్‌లో సగం.

మా తాతయ్యకు ఇది నాకంటే ముందే అర్థమైంది. బెడ్ మీద పడుకుని నుదుటి మీద ప్లాస్టర్‌తో డాక్టర్ గారిని అడిగాడు, "బోరు కొలవకుండా బుష్ ఎట్టా వేస్తారండీ?" అని. డాక్టర్ నవ్వి, "అందుకే పెద్దాయనా, స్కాన్ అంటున్నాం" అన్నారు. నా వైపు ఎవరూ చూడలేదు. నేనే ఫోన్ చూసుకుంటూ కూర్చున్నా.

సరే, ఇప్పుడు స్కాన్‌లోకి వెళ్దాం. సీటీని తయారు చేసింది డాక్టర్ కాదు, ఇంజనీర్. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్, ఈఎంఐ అనే బ్రిటిష్ కంపెనీలో పనిచేసేవాడు. అవును, మ్యూజిక్ రికార్డులు వేసే ఈఎంఐనే. 1971 అక్టోబర్ 1న లండన్‌లో మొదటి పేషెంట్‌ని స్కాన్ చేశారు, 1979లో అలన్ కార్మాక్‌తో కలిపి నోబెల్ వచ్చింది. ఆయన పేరు మీదే సీటీలో ప్రతి చుక్కకూ ఒక నంబర్ ఉంటుంది, హౌన్స్‌ఫీల్డ్ యూనిట్. నీళ్ళు సున్నా, గాలి మైనస్ 1000. కాల్షియం వందల్లో ఉంటుంది, అందుకే తెల్లగా మెరుస్తుంది. ఫొటోలో పిక్సెల్ ఉన్నట్టే ఇందులో వాక్సెల్. పొడవు, వెడల్పుతో పాటు లోతు కూడా ఉన్న చిన్న డబ్బా అన్నమాట. మంచి స్కాన్‌లో ఒక్కోటి అర మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది. కాబట్టి ఒకసారి స్కాన్ అయిపోయాక గుండెని కంప్యూటర్‌లో ఏ కోణంలో కావాలంటే ఆ కోణంలో కోసి చూడొచ్చు. ఎకోలో ఆ స్వేచ్ఛ తక్కువ. ప్రోబ్ పెట్టిన చోటు నుంచి ఏ పొర కనిపిస్తే అదే.

కానీ గుండె కదులుతుంది కదా? నైట్ మోడ్‌లో ఫొటో తీస్తుంటే పిల్లాడు పరిగెత్తితే ఏమవుతుంది? బ్లర్. దానికి విరుగుడు ఈసీజీ గేటింగ్. ఛాతీకి ఈసీజీ తీగలు పెడతారు, మెషిన్ ప్రతి హార్ట్‌బీట్‌లో ఏ క్షణంలో ఏ డేటా వచ్చిందో గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత "గుండె ముడుచుకున్న క్షణం మాత్రం ఇవ్వు" అంటే అదే ఇస్తుంది. టావికి ఎక్కువగా ఆ ముడుచుకున్న క్షణమే తీసుకుంటారు, ఎందుకంటే వాల్వ్ కూర్చునే చోటు సాధారణంగా అప్పుడే పెద్దగా ఉంటుంది. చిన్నగా ఉన్నప్పుడు కొలిస్తే తక్కువ సైజు వాల్వ్ ఆర్డర్ చేస్తాం.

ఇంకో చిన్న విషయం. మామూలు గుండె సీటీకి ముందు గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్, నాలుక కింద నైట్రోగ్లిసరిన్ ఇస్తుంటారు. సివియర్ స్టెనోసిస్ ఉన్నవాళ్ళకు వీటిని సాధారణంగా ఇవ్వరు, బీపీ దారుణంగా పడిపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే స్కాన్ రూమ్‌లో ఆ మాట ముందే చెప్పండి. రిక్వెస్ట్ పేపర్ మీద రాసే ఉంటుంది, అయినా చెప్పండి.

ఇప్పుడు అసలు కొలత. వాల్వ్ కూర్చునే చోటుని ఆన్యులస్ అంటారు. నేను ఏదో ఉంగరంలా గట్టిగా ఉంటుంది అనుకున్నా. అలాంటిదేమీ లేదు! మూడు రెక్కలు గోడకు అతుక్కున్న చోట్లలో అన్నిటికంటే కింద ఉన్న మూడు పాయింట్లు తీసుకుని, ఆ మూడిటిలోంచి ఒక ప్లేన్ గీస్తారు. ఆ ప్లేన్‌లో కనిపించే అంచే ఆన్యులస్. అంటే మనం ఊహించుకునే రేఖ. జామెట్రీలో మూడు పాయింట్లు ఇస్తే ఒకే ఒక్క ప్లేన్ వస్తుంది అని చదివాం గుర్తుందా? ఇంటర్‌లో "ఇది జీవితంలో ఎక్కడ పనికొస్తుంది సార్" అని అడిగిన బ్యాచ్ నాది.

ఆ ప్లేన్ రెండు మూడు డిగ్రీలు వంకరగా గీసినా కొలత మారిపోతుంది. అందుకే ఆ మూడు పాయింట్లు పెట్టేవాళ్ళ అనుభవం చాలా ముఖ్యం. దీనికోసం త్రీమెన్సియో లాంటి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, అవే పాయింట్లు సూచిస్తాయి. చివరికి మనిషి కూర్చుని సరిచూడాల్సిందే.

పైగా ఆ అంచు గుండ్రంగా ఉండదు. కోడిగుడ్డు ఆకారం. ఇక్కడే ఎకో మోసపోతుంది. మామూలు 2డి ఎకోలో ఒకే ఒక్క వ్యాసం కొలుస్తారు, అది తరచుగా గుడ్డు అడ్డం వైపు, అంటే చిన్న వైపు దగ్గర పడుతుంది. మా తాతయ్య ఎకోలో 21 మిల్లీమీటర్లు వచ్చింది. సీటీలో చూస్తే పొడవు 27, వెడల్పు 20.5. ఎకో అబద్ధం చెప్పలేదు, సగం చెప్పింది.

ఫోన్లో కాలిక్యులేటర్ ఓపెన్ చేయండి, నాతో పాటు చేయండి. గుడ్డు ఆకారం వైశాల్యం అంటే పొడవు ఇంటూ వెడల్పు ఇంటూ 0.785. 27 ఇంటూ 20.5 ఇంటూ 0.785. సుమారు 435 చదరపు మిల్లీమీటర్లు. సాఫ్ట్‌వేర్ అంచు చుట్టూ గీత గీసి నేరుగా కొలుస్తుంది, మనది ఉజ్జాయింపు. ఇప్పుడు వాల్వ్‌ల సంగతి. సేపియన్ అని ఒక ప్రసిద్ధమైన వాల్వ్ ఉంది, బెలూన్‌తో తెరిచేది. అది 20, 23, 26, 29 సైజుల్లో వస్తుంది. 23 సైజు వృత్తం వైశాల్యం 415. మన 435 కంటే తక్కువ, అంటే లూజు. 26 సైజు వైశాల్యం 531. మనదానికంటే 22 శాతం ఎక్కువ. కంపెనీ చార్టుల్లో నంబర్లు కొంచెం అటూ ఇటూ ఉంటాయి, కానీ కథ ఇదే.

లూజైతే ఏమవుతుంది? కొత్త వాల్వ్‌కీ గోడకీ మధ్య సందుల్లోంచి రక్తం వెనక్కి కారుతుంది. టాప్ వాషర్ సరిగా కూర్చోకపోతే పక్క నుంచి నీళ్ళు కారినట్టు. దీన్ని పారావాల్వులర్ లీక్ అంటారు. కొంచెం ఎక్కువగా ఉంటే గుండె మళ్ళీ దెబ్బ తింటుంది, ఆయుష్షు మీద ప్రభావం పడుతుంది. మరీ లూజైతే వాల్వ్ జారిపోవచ్చు కూడా. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో సీటీ కొలతతో సైజు ఎంచుకున్న 133 మందినీ, అలా ఎంచుకోని 133 మందినీ పోల్చారు. స్వల్పం అనే స్థాయి కంటే ఎక్కువ లీక్ మొదటి గ్రూపులో 5.3 శాతం, రెండో గ్రూపులో 12.8 శాతం. సగం కంటే తక్కువ!

అయితే పెద్దది పెట్టేస్తే పోలా? కొంచెం పెద్దదే పెడతారు, టైట్‌గా కూర్చోవాలి కాబట్టి. మెకానికల్ వాళ్ళకి ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్ తెలుసు కదా, అదే. కానీ ఇది ఇనుప హౌసింగ్ కాదు, బతికున్న కండ. ఇక్కడ సీటీ ఇంకోటి కూడా చూపించింది: తాతయ్య వాల్వ్‌కి కొంచెం కింద, రక్తం బయటికి వెళ్ళే దారిలో ఒక కాల్షియం గడ్డ. బెలూన్ ఉబ్బితే ఆ గడ్డ గోడలోకి గుచ్చుకుంటుంది. కింద ఇలాంటి కాల్షియం గట్టిగా ఉండి, వాల్వ్ కూడా 20 శాతం, అంతకన్నా పెద్దదైతే ఆన్యులస్ చిరిగే ముప్పు ఎక్కువని 2013లోనే ఇంకో అధ్యయనం చెప్పింది. చిరిగితే ఏంటో నేను చెప్పక్కర్లేదు. క్యాథ్ ల్యాబ్‌లో జరిగేవాటిలో డాక్టర్లు బాగా భయపడేది దానికే.

కాబట్టి 23 పెడితే లీక్ భయం, 26 పెడితే చిరిగే భయం. ఈ మధ్యలో ఇరుక్కున్న కేసులు చాలా ఉంటాయట. కొందరు పెద్ద వాల్వ్ తీసుకుని బెలూన్‌లో కొంచెం తక్కువ నింపుతారు. కొందరు బెలూన్ లేకుండా, ఒంటి వేడికి తనంతట తానే తెరుచుకునే నిటినాల్ వాల్వ్ వాడతారు, దానికి వైశాల్యం కాకుండా చుట్టుకొలత చూస్తారు. మా డాక్టర్ గారు మూడో దారి తీసుకున్నారు. గుజరాత్‌లోని వాపిలో మెరిల్ అనే కంపెనీ తయారు చేసే మైవాల్ ఉంది, 2018లో మన దేశంలో అనుమతి వచ్చింది. దాంట్లో మధ్య సైజులు ఉంటాయి: 21.5, 24.5, 27.5 ఇలా. 24.5 వైశాల్యం 471. మనకంటే 8 శాతం ఎక్కువ. టైట్‌గా కూర్చుంటుంది, 20 దరిదాపుల్లోకి కూడా వెళ్ళదు. ఇది ప్రమోషన్ కాదు బాబూ, నాకెవరూ డబ్బులివ్వలేదు. ఎవరికి ఏ వాల్వ్ అనేది వాళ్ళ కొలతల్ని బట్టి డాక్టర్ చెప్పాలి. నేను చెప్పేది ఏంటంటే, ఎకోలో వచ్చిన ఆ 21 ఒక్కటే చూసుకుంటే ఈ చర్చే వచ్చేది కాదు. 23 అని రాసేసుకునేవాళ్ళం.

సైజు తర్వాత ఇంకో రెండు కొలతలున్నాయి, త్వరగా చెప్పేస్తా. గుండెకి రక్తం ఇచ్చే కరోనరీ నాళాల ద్వారాలు వాల్వ్‌కి కాస్త పైనే ఉంటాయి. కొత్త వాల్వ్ పాత రెక్కల్ని గోడకి నొక్కినప్పుడు ఆ రెక్క వెళ్ళి ద్వారానికి మూతలా పడితే? వందలో ఒకరికి కూడా జరగదు, కానీ జరిగితే చాలా ప్రమాదం. అందుకే ద్వారం ఎంత ఎత్తులో ఉందో కొలుస్తారు. 10, 12 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే జాగ్రత్త పడతారు. తాతయ్యది ఎడమ వైపు 13.5, కుడి వైపు 16. రెండోది, గుండెకి కరెంట్ తీసుకెళ్ళే తీగ లాంటి కండరం ఈ వాల్వ్‌కి సరిగ్గా కిందే వెళ్తుంది. వాల్వ్ లోతుగా కూర్చుంటే అది నలిగి పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు. అక్కడి పల్చటి గోడ ఎంత పొడవుందో సీటీలో చూసి, ఎంత లోతు దాకా వెళ్ళొచ్చో ముందే అనుకుంటారు.

సరే, వాల్వ్ దొరికింది. గుండె దాకా తీసుకెళ్ళేది ఎట్లా? ఈ భాగం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే టావి చరిత్ర మొత్తం దారి వెతుక్కోవడమే. 1989లో డెన్మార్క్‌లో హెన్నింగ్ రూడ్ ఆండర్సన్ అనే కుర్ర డాక్టర్ హార్డ్‌వేర్ షాపులో తీగ కొని, మాంసం కొట్టు నుంచి పంది గుండెలు తెచ్చి, చేత్తో మడిచే వాల్వ్ తయారు చేసి పందిలో పెట్టి చూశాడు. మనిషికి మొదటిసారి పెట్టింది ఫ్రాన్స్‌లోని రువాన్ నగరంలో, 2002 ఏప్రిల్ 16న, అలాన్ క్రిబియే. పేషెంట్‌కి 57 ఏళ్ళు, పరిస్థితి చేయి దాటిపోయింది, సర్జన్లు వద్దన్నారు. పైగా కాళ్ళ ధమనులు పాడైపోయి ఉన్నాయి, అటు నుంచి దారే లేదు. క్రిబియే ఏం చేశాడంటే తొడ దగ్గర సిరలోంచి, అంటే చెడు రక్తం వెళ్ళే నాళంలోంచి గుండె కుడి వైపుకు వెళ్ళి, మధ్య గోడకు చిల్లు పెట్టి, ఎడమ వైపుకు దాటి, చుట్టూ తిరిగి వెనక నుంచి వాల్వ్ చేరుకున్నాడు. హైవే మూసేస్తే ఊళ్ళ మీదుగా వెళ్ళినట్టు. వాల్వ్ బాగానే పనిచేసింది. ఆ పేషెంట్ వేరే సమస్యలతో దాదాపు నాలుగు నెలల తర్వాత చనిపోయాడు. కానీ ఈ పని సాధ్యమేనని అందరికీ తెలిసిపోయింది.

ఈ గొట్టాల సైజు ఫ్రెంచ్ అనే యూనిట్‌లో చెప్తారు. 3 ఫ్రెంచ్ అంటే ఒక మిల్లీమీటరు. మొదట్లో 22, 24 ఫ్రెంచ్ గొట్టాలు వాడేవాళ్ళు. 24 అంటే 8 మిల్లీమీటర్లు. ఇప్పుడు 14 ఫ్రెంచ్‌కి వచ్చేశాయి, అంటే 5 కంటే కొంచెం తక్కువ. వాల్వ్ వెళ్ళేటప్పుడు అది కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి రక్తనాళం కనీసం 5, 5.5 మిల్లీమీటర్లు ఉండాలని చూస్తారు. అందుకే టావి సీటీ గుండెతో ఆగదు. మెడ కింద నుంచి తొడల దాకా ఒకేసారి తీస్తారు. వెడల్పు ఒక్కటే కాదు, ఎక్కడ మెలికలు తిరిగింది, ఎక్కడ కాల్షియం చుట్టూ గాజులా కట్టేసింది, అన్నీ చూస్తారు. మెలిక ఉంటే గొట్టం సాగదీసి వెళ్ళొచ్చు. గాజులా కట్టేసిన చోట సాగదు.

తాతయ్య కుడి కాలు నాళం ఒకచోట 4.4, చుట్టూ కాల్షియం. ఎడమ కాలు 6.3, శుభ్రంగా ఉంది. మామూలుగా చాలామంది డాక్టర్లకి కుడి కాలు అలవాటు. స్కాన్ లేకుండా కుడి వైపు నుంచి వెళ్ళి ఉంటే ఆ నాళం చిరిగి రక్తస్రావం అయ్యే అవకాశం ఉండేది. సీడీలో ఆ చోటు నేను వెతికి పట్టుకున్నా. స్క్రీన్ మీద చూడండి, తెల్లటి రింగు, మధ్యలో చిన్న బూడిద రంగు చుక్క. గ్రూపులో నేను "ఎందుకు" అని అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడుంది. రెండు కాళ్ళూ బాగా లేకపోతే భుజం కింద నాళం నుంచో, మెడ నాళం నుంచో వెళ్ళే దారులున్నాయి. అవీ ఇదే స్కాన్‌లో కనిపిస్తాయి.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. క్యాథ్ ల్యాబ్‌లో ఎక్స్‌రే చెయ్యిని ఏ కోణంలో వంచితే మూడు రెక్కల అడుగులూ ఒకే గీతలో కనిపిస్తాయో సీటీ ముందే లెక్కేసి ఇస్తుంది. లేకపోతే అక్కడ మళ్ళీ మళ్ళీ కాంట్రాస్ట్ కొట్టి వెతుక్కోవాలి. అంటే, కిడ్నీలకు మంచిది కాదని నేను ఆపిన స్కాన్, ఆపరేషన్ రోజు కిడ్నీలకు వెళ్ళే మందుని తగ్గిస్తుంది.

కిడ్నీల భయం ఉత్తిదే అని మాత్రం నేను అనను. క్రియాటినిన్ ఎక్కువ ఉన్నవాళ్ళకు రిస్క్ నిజమే. కానీ దానికి చేయాల్సింది వాట్సాప్‌లో స్కాన్ ఆపడం కాదు, డాక్టర్‌ని అడగడం. ఎంత తక్కువ కాంట్రాస్ట్‌తో తీయగలరు? ముందు, తర్వాత సెలైన్ ఎంత ఇస్తారు? గుండె బలహీనంగా ఉంటే ఎక్కువ సెలైన్ కూడా ప్రమాదమే, అందుకే అది వాళ్ళు చూసుకోవాలి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే ఆపాలా? క్రియాటినిన్ మళ్ళీ ఎప్పుడు చూడాలి? తాతయ్యకి స్కాన్ తర్వాత 1.8కి వెళ్ళింది, వారంలో మళ్ళీ 1.6కి వచ్చింది. ఆ వారం నేను సరిగా నిద్రపోలేదు, అది వేరే విషయం. రేడియేషన్ గురించి కూడా అడుగుతారు. ఉంటుంది, మామూలు ఎక్స్‌రే కంటే చాలా ఎక్కువే. కానీ దాని వల్ల వచ్చే ముప్పు ఏళ్ళ తరబడి తర్వాత సంగతి, 79 ఏళ్ళ మనిషికి ఈ వాల్వ్ ఈ ఏడాది సంగతి.

ఇంకోటి ముందే తెలుసుకుని ఉంటే బాగుండేది. మెడ నుంచి తొడల దాకా తీస్తారు కాబట్టి వెతకనివి కూడా కనిపిస్తాయి. మా రిపోర్ట్‌లో చివర్న "కుడి ఊపిరితిత్తిలో చిన్న నాడ్యూల్" అని ఒక లైను. అమ్మ చదివి ఏడ్చేసింది. ఛాతీ డాక్టర్‌కి చూపిస్తే పాత టీబీ మచ్చ అన్నారు. తాతయ్యకి అప్పుడు గుర్తొచ్చింది, పెళ్ళికి ముందు ఆరు నెలలు సూదులు వేయించుకున్నాడట. యాభై ఏళ్ళు మాకెవరికీ చెప్పలేదు!

మీ ఇంట్లో ఎవరికైనా ఈ స్కాన్ అయితే రిపోర్ట్ పేపర్‌తో సరిపెట్టుకోకండి, డైకామ్ ఫైళ్ళు ఉన్న సీడీయో లింకో అడిగి తీసుకోండి. ఇంకో డాక్టర్ అభిప్రాయం కావాలంటే వాళ్ళకి ఆ ఫైళ్ళే కావాలి, పేపర్ మీద ప్రింట్ వేసిన బొమ్మతో కొలతలు తీయలేరు. ఫోన్లో ఫొటో తీసి పంపితే అసలే పనికిరాదు. త్రీడీ స్లైసర్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో మీరూ తెరిచి చూడొచ్చు. చూడండి, ఆశ్చర్యపోండి, కానీ మీరే కొలిచి డాక్టర్‌తో వాదించకండి. నేను ఆన్యులస్ కొలవడానికి ప్రయత్నించి 512 తెచ్చుకున్నా. ప్లేన్ వంకరగా గీశా.

ఆపరేషన్ ఎడమ కాలి నుంచి చేశారు. గంటన్నర లోపే అయిపోయింది. 24.5 వాల్వ్, ఎకోలో లీక్ దాదాపు లేదు, పేస్‌మేకర్ అవసరం పడలేదు. నాలుగో రోజు ఇంటికి వచ్చాం. డిశ్చార్జ్ అప్పుడు తాతయ్య నన్ను పిలిచి, "ఒరేయ్, ఎంత టైట్ ఇచ్చారట?" అని అడిగాడు. ఎనిమిది శాతం తాతయ్యా, వైశాల్యంలో అన్నా. కాసేపు లెక్కేసుకుని, "వ్యాసంలో నాలుగు శాతం. పర్లేదు, పని తెలిసినోళ్ళే" అన్నాడు.

సరే, ఇవాళ్టికి ఇంతే. ఈ లాప్‌టాప్ తిరిగి ఇచ్చేయాలి, పక్కింటి అన్నయ్య రెండుసార్లు ఫోన్ చేశాడు. ఉంటా.